పూల విత్తనం: నేలలోనే వేయాలా, ట్రేలో నారు పోయాలా?

తిరుపతి, చిత్తూరు వైపు పెరట్లోనో మిద్దెమీదో గింజలతో పూలు పెంచాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది రెండే: ఏ గింజ, ఏ నెల. జినియా, కాస్మోస్, శంఖుపువ్వు అయితే నేరుగా నేలలోనే వేయండి. బంతి, కోడిజుట్టు పువ్వు, పెటూనియాలకు ట్రేయే మేలు.

జినియాకు వేరు కదిలిస్తే పడదు. నారు తీసి నాటితే వారం పది రోజులు ఎదుగుదల లేకుండా ఉండిపోతుంది. ఉన్నచోటే మొలిచింది ఆగకుండా పెరిగి రెండు నెలలకు పూస్తుంది. జానెడు దూరానికి రెండేసి గింజలు, అర సెంటీమీటరు లోతున వేసి, నాలుగాకులు వచ్చాక బలహీనమైనదాన్ని కత్తెరతో తీసేయాలి. పీకితే పక్కదాని వేరూ కదులుతుంది. శంఖుపువ్వు గింజకు పెంకు గట్టి. గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టండి. తెల్లారేసరికి ఉబ్బినవి వేసి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి.

నేరుగా వేసేటప్పుడు చిక్కంతా మన ఎర్రనేలతోనే. గట్టి వాన పడి మరునాడు ఎండ కాసిందంటే పైమట్టి చెక్కు కట్టేస్తుంది. కింద మొలక పైకి రాలేక మెలితిరిగి చచ్చిపోతుంది. మనమేమో గింజ మంచిది కాదని అంగడివాణ్ణి తిట్టుకుంటాం. గింజమీద మట్టికి బదులు జల్లించిన మాగిన పశువుల ఎరువు పలచగా కప్పితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక ట్రే సంగతి. రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మికంపోస్టు సరిపోతాయి. కొబ్బరిపొట్టును మాత్రం రెండు మూడుసార్లు కడిగి తీరాలి, అందులోని ఉప్పు లేత వేళ్లను మాడుస్తుంది. కలిపిన మిశ్రమాన్ని పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధారగా కారితే తడి ఎక్కువైనట్టే. ట్రేలోని ఒక్కో గుంతకు ఒక గింజ చాలు కాబట్టి ఖరీదైన హైబ్రిడ్ గింజ ఒక్కటీ వృథా కాదు. పెటూనియా గింజలు చాలా సన్నవి, ఒక గ్రాములో పదివేల గింజల దాకా ఉంటాయి, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. అందుకే పైన ఏమీ కప్పకుండా, ట్రేను నీళ్లున్న పళ్లెంలో పెట్టి కిందనుంచి తడి ఎక్కనివ్వాలి. పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి.

ట్రేలో భయపడాల్సింది నారుకుళ్ళుకే. నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మొదట్లో నీరుపట్టినట్టు సన్నబడి పడిపోతుంది. అతితడి, గాలి ఆడకపోవడం, ఒత్తుగా చల్లడం, ఈ మూడూ కలిస్తే వస్తుంది. సాయంత్రం నీళ్లు మాని ఉదయమే పోయండి. పడిపోయినవి తీసేసి, మిగతావాటి మొదళ్లకు లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులుమందు కలిపి పోస్తే తెగులు పాకకుండా ఆగుతుంది.

నెల లెక్కకొస్తే, సంక్రాంతికి బంతిపూలు కావాలంటే అక్టోబరు చివర్లో గింజ పడాలి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు దంచేది సరిగ్గా అప్పుడే. నేలలో చల్లిన గింజ కొట్టుకుపోతుంది, లేదా కుళ్లుతుంది. వసారాలో వెలుతురున్న చోట ట్రే పెట్టుకుంటే వానతో పనిలేదు. జూన్, జూలైలలో అయితే రెండు పద్ధతులూ నడుస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో ట్రేలోని చిన్న గుంతలు రోజుకు రెండుసార్లు ఆరిపోతాయి, అప్పుడు ట్రే జోలికి పోకపోవడమే మంచిది. గడ్డి గులాబి, బొగడబంతి మాత్రం ఆ ఎండకూ తట్టుకుంటాయి.

రెండు మూడు కుండీలకే అయితే నర్సరీలో నారు కొనుక్కోవడమే సులువు, కాకపోతే వాళ్ల దగ్గరున్న రంగులతో సరిపెట్టుకోవాలి.

బంతినారు మూడు నాలుగు వారాలకు నాటడానికి వస్తుంది. వెలుతురు చాలక కాడ పొడుగ్గా సాగినా పారేయకండి. మొదటి జత ఆకుల దాకా మట్టిలోకి దించి నాటితే పూడిన కాడ నుంచీ వేళ్లు వస్తాయి. సాయంత్రం పూట నాటి, మూడు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడ కట్టండి.