రెండు ఫైబర్లన్నారు, గుంత ఒక్కటే: నవీ ముంబై, చెన్నై డేటా సెంటర్లు చూసొచ్చాం

పోయిన ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ రోజు మా సైట్ రెండు గంటలు పడిపోయింది. సర్వర్లు బాగానే ఉన్నాయి, గచ్చిబౌలిలో మా ర్యాక్ (సర్వర్లు పెట్టే ఇనప బీరువా) ఉన్న బిల్డింగ్‌కి వచ్చే ఫైబర్‌ని ఎవరో రోడ్డు తవ్వుతూ తెంపేశారు. పిల్లలు ఫోన్ చేసి ఏడుస్తుంటే వినలేకపోయా. ఇంక ఒక్క ఊరినే నమ్ముకోకూడదని, ఇంకో ఊళ్లో రెండో ర్యాక్ వెతకడానికి నెట్‌వర్క్ పని చూసే మా బామ్మర్దిని వెంటబెట్టుకుని బయల్దేరా.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకున్నాం, పొద్దున్నే కళ్యాణ్‌లో దిగాం, నవీ ముంబైలోని మహాపేకి క్యాబ్ 640, రూమ్ 2,800, శుభ్రంగా ఉంది. ముందు ముంబై వైపే ఎందుకు వెళ్లామంటే సముద్రపు కేబుళ్లు ఎక్కువగా అక్కడే ఒడ్డుకొస్తాయి, ఏ నెట్‌వర్క్ కంపెనీ కావాలన్నా దొరుకుతుంది.

డేటా సెంటర్ గేట్ దగ్గరే గొడవ మొదలైంది. పాస్‌లో లాప్‌టాప్ సీరియల్ నంబర్ లేదని గంటా నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టారు. లోపల మాత్రం చల్లగా, నీట్‌గా, గోడకి టైర్ 3 సర్టిఫికెట్ (సర్వర్లు ఆపకుండానే కరెంటు, ఏసీ రిపేర్లు చేయొచ్చని చెప్పే రేటింగ్). దగ్గరికెళ్లి చదివితే అది డిజైన్ డ్రాయింగులకి ఇచ్చింది, కట్టిన బిల్డింగ్‌కి వేరే సర్టిఫికెట్ ఉంటుంది, అది అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నాడు సేల్స్ అబ్బాయి. సరే అనుకున్నాం. రెండు ఫైబర్లు రెండు వేర్వేరు దారుల్లో వస్తాయని మూడుసార్లు చెప్పాడు, మాకు కావాల్సిందే అది కాబట్టి నేను అడ్వాన్స్ గురించి కూడా మాట్లాడేశా.

బామ్మర్దికి మాత్రం నమ్మకం కుదర్లేదు. బయట టీ కొట్టు దగ్గర కేబుల్ వేసే కుర్రాళ్లతో వచ్చీరాని హిందీలో మాటలు కలిపాడు. బిల్డింగ్‌కి అటొకటి ఇటొకటి వస్తున్న మాట నిజమే, కానీ మెయిన్ రోడ్డు ఎక్కగానే రెండూ ఒకే డక్ట్‌లో, అంటే భూమిలో ఒకే గొట్టంలో పోతాయంట. ఒక్క జేసీబీ చాలు రెండూ పోడానికి! వెనక్కెళ్లి రూట్ మ్యాప్ చూపించమంటే ముందు కుదరదన్నారు, గంట కూర్చుంటే చూపించారు, అచ్చం ఆ కుర్రాళ్లు చెప్పినట్టే ఉంది. నెలకి ర్యాక్ 78,000, క్రాస్ కనెక్ట్ (లోపల మా ర్యాక్‌ని నెట్‌వర్క్ కంపెనీకి కలిపే తీగ) ఒక్కోటి 7,500 అడుగుతూ ఈ మాట దాచడం నాకు మోసంగానే అనిపించింది. "బావా, పద పోదాం" అన్నాడు వాడు, ఆ సాయంత్రమంతా ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

చెన్నై దారి వేరు. అంబత్తూరులో బిల్డింగ్ పాతది, లిఫ్ట్ నెమ్మది, కానీ అడగకుండానే రూట్ మ్యాప్ టేబుల్ మీద పరిచారు. జనరేటర్లు చూసే పెద్దాయన నెల్లూరాయన, మేం తెలుగువాళ్లమని తెలిశాక వదల్లేదు, డీజిల్ లాగ్ బుక్ తీసి ప్రతి శనివారం నిజమైన లోడ్ మీద పెట్టిన టెస్టులన్నీ చూపించారు. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానప్పుడు ఇండస్ట్రియల్ ఎస్టేట్ రోడ్లన్నీ నీళ్లే కదా, ఏం చేశారండీ అంటే, వానకి ముందురోజే ట్యాంకర్ తెప్పించి లోపల పెట్టుకున్నామయ్యా, జనరేటర్లు ముందునుంచీ ఎత్తు దిమ్మ మీదే ఉన్నాయి అన్నారు. మధ్యాహ్నం వాళ్ల క్యాంటీన్‌లోనే భోజనం పెట్టించారు, 90 రూపాయలకి వత్తకుళంబు, అప్పళం. బామ్మర్ది మొహంలో మళ్లీ నవ్వొచ్చింది.

ర్యాక్ 61,000. చెన్నైనే తీసుకున్నాం. హైదరాబాద్ నుంచి పింగ్, అంటే సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే టైమ్, 13 మిల్లీసెకన్లు వచ్చింది. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లే పోతుంది, అందుకే డబ్బులెంత పోసినా దాన్ని ఒక హద్దు దాటి తగ్గించలేం. డేటా రాసిన ప్రతిసారీ చెన్నైలో కూడా చేరేదాకా అంతసేపు ఆగితే రిజల్ట్స్ రోజు సైట్ నత్తనడకే, అందుకని పేమెంట్ల డేటాబేస్ ఒక్కటి సింక్‌లో (రెండు చోట్లా చేరేదాకా ఆగేది), మిగతావి అసింక్‌లో (ఆగకుండా తర్వాత కాపీ చేసేది) పెట్టాం. రెండు ఊళ్ల మధ్య లైన్ తెగితే ఎవరికి వారు నేనే మాస్టర్ (అసలు కాపీ) అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరి మాట చెల్లాలో తేల్చే మూడో ఓటు కోసం ముంబై క్లౌడ్‌లో నెలకి 1,400 రూపాయల చిన్న మెషిన్ పెట్టాం, ముంబైతో మాకు అంతే పని.

మీరూ వెళ్తుంటే లాప్‌టాప్ సీరియల్ నంబర్ ముందే మెయిల్ చేయండి, రూట్ మ్యాప్ చూడకుండా అడ్వాన్స్ మాట మాత్రం ఎత్తొద్దు. వచ్చే ఆదివారం రాత్రి 2 గంటలకి చెన్నై అందుకుంటుందో లేదో తెలియడానికి హైదరాబాద్ ర్యాక్ లైన్ మేమే పీకి చూస్తాం, నెల్లూరు పెద్దాయన ఆ రాత్రి తన డ్యూటీయే వేయించుకున్నారు.