టైమింగ్‌కు బల్బా, గన్నా?

అంబాసిడర్, పద్మిని కార్లను ఇంకా పోషిస్తున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: టైమింగ్, అంటే ప్లగ్‌లో స్పార్క్ పడే క్షణం, బల్బుతో పెడితే చాలదా, గన్ (ఇంజన్ తిరుగుతుండగా స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే లైటు) కొనాలా? చాలా ఏళ్లు బల్బుతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు గన్ వైపు మొగ్గాను. కారణం మన సముద్రపు గాలి.

బల్బును తీసిపారేయడానికి లేదు. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి, పుల్లీ గుర్తును మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర ఆపి, బల్బు వెలిగిన చోట డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) బిగించేయడమే. గుర్తు దాటితే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావాలి, లేదంటే టైమింగ్ చైన్ లూజు లెక్కను చెడగొడుతుంది. రోడ్డు మీద ఆగిన బండిని లేపడానికి ఇంతకంటే సులువైంది లేదు. నా డ్యాష్‌బోర్డు అరలో ఇప్పటికీ ఓ బల్బు ఉంటుంది.

చిక్కేమిటంటే బల్బు చెప్పేది ఆగి ఉన్న ఇంజన్ సంగతి. నా అంబాసిడర్ విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు వానాకాలాలు టార్పాలిన్ కిందే గడిపింది. తీశాక బల్బుతో టైమింగ్ పక్కాగా పెట్టాను. తీరా సింహాచలం ఘాట్ ఎక్కబోతే లాగదు, పైగా వేడెక్కిపోతోంది. అరువు తెచ్చిన గన్ పెడితే ఐడిల్‌లో గుర్తు సరిగ్గానే ఉంది, రేజ్ చేసినా అక్కడే ఉంది! వేగం పెరిగేకొద్దీ అది అడ్వాన్స్ వైపు, అంటే స్పార్క్ ముందుగా పడే వైపు, జరగాలి కదా. డెల్కో విప్పితే, వేగంతో పాటు టైమింగ్‌ను ముందుకు జరిపే లోపలి వెయిట్లు పిన్నులకు తుప్పుతో అతుక్కుపోయాయి. బల్బుతో నూరుసార్లు చూసినా ఇది దొరికేది కాదు. గుర్తు ఒకచోట నిలవకుండా వణుకుతుంటే డెల్కో షాఫ్ట్ బుష్ అరిగిందేమో చూడాలి, అదీ గన్ దగ్గరే బయటపడుతుంది.

అలాగని గన్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఎవరో వేరే ఇంజన్ పుల్లీ తగిలించి ఉంటే గుర్తే అబద్ధం, ముందు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) మీరే చూసుకోండి. డెల్కోకు వచ్చే వాక్యూమ్ పైపు తీసి మూయండి. ఆ వెలుగులో ఫ్యాన్ ఆగినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనిపిస్తుంది; చెయ్యి జాగ్రత్త.

మూడో పద్ధతి చెవి, అంటే ఇంజన్ శబ్దం విని పెట్టడం. "సెవులుండగా లైటెందుకు బావూ?" అంటాడు మా మెకానిక్కు. ఆయన చెవులకు సరే, నావి అంత మంచివి కావు. డెల్కోలో కరెంటును తెంచే పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు, కింద ఆ పాత వెయిట్లే ఉంటాయి.

ఇంజన్ పైభాగమైన హెడ్ బిగింపులో మాత్రం చేతి అంచనాకు, టార్క్ రెంచికి (బిగువును కొలిచే పానా) పోటీయే లేదు. రెంచి. మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా, మరలు శుభ్రంగా ఉంచి. తుప్పు పట్టిన మర మీద రెంచి టిక్కుమన్నా ఆ బిగువు గ్యాస్కెట్ దాకా వెళ్లదు. అంబాసిడర్‌లో వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్‌ను పట్టేది కూడా కొన్ని హెడ్ నట్లే. హెడ్ కాస్త దిగితే ట్యాపెట్ సందు (రాకర్‌కు, వాల్వుకు మధ్య ఖాళీ) తగ్గుతుంది, అందుకే ముందు హెడ్, తర్వాత ట్యాపెట్లు, ఆపైన పాయింట్ గ్యాప్, చివరికి టైమింగ్. గ్యాప్ పెరిగితే టైమింగ్ దానంతటదే అడ్వాన్స్ అవుతుంది, ఆ వరస తిరగేస్తే చేసిందంతా మళ్లీ చేయాలి. పద్మినిది అల్యూమినియం హెడ్, ఇంజన్ పూర్తిగా చల్లారాకే రెంచి పట్టండి.