మారతహళ్లిలో బుక్ చేసిన భూటాన్ ప్యాకేజీ: గైడ్‌కి 5, ప్లానింగ్‌కి 2

జులైలో నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్య నలుగురం బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ట్రావెల్స్ ద్వారా భూటాన్‌కి 6 రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాం. ట్రావెల్స్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను ఫోన్ చేసిన మిగతా ఇద్దరు ఏజెంట్లు కూడా అదే మాట అన్నారు, "ఆఫ్ సీజన్ మేడమ్, రేటు తక్కువ, రద్దీ ఉండదు" అని. రద్దీ ఎందుకు ఉండదో ఒక్కరూ చెప్పలేదు.

బాగ్‌డోగ్రా దాకా ఫ్లైట్, అక్కడి నుంచి కారులో భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్. మర్నాడు థింఫూ వెళ్లే దారిలో కొండచరియ విరిగిపడి ఆరు గంటలు కారులోనే కూర్చున్నాం. మామయ్యకి షుగర్, భోజనం ఏమో థింఫూ హోటల్లో పెట్టారు, దారిలో తినడానికి ఏమీ ఇవ్వలేదు. అత్తయ్య కట్టుకొచ్చిన పులిహోరే ఆ రోజు మమ్మల్ని కాపాడింది, నేనైతే చాలా టెన్షన్ పడ్డాను. వానలు ఎప్పుడూ ఉండేవేగానీ ఇప్పుడు ఒక్కసారిగా కుమ్మరించేస్తున్నాయని డ్రైవర్ అన్నాడు. అలాంటి దారికి వానాకాలంలో ఒక్క రోజు కూడా అదనంగా పెట్టుకోకుండా ప్లాన్ వేయడం నిర్లక్ష్యమే.

హోటళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎమా దాట్షీ (మిరపకాయలు, చీజ్ కూర) మా వాళ్లకి బాగా నచ్చింది.

గైడ్ గురించి మాత్రం ఎంత రాసినా తక్కువే. పునాఖా జోంగ్ (కోటలాంటి బౌద్ధ మఠం) దగ్గర రెండు నదులు, ఫో ఛూ, మో ఛూ, కలిసే చోట మమ్మల్ని నిలబెట్టి, 1994 అక్టోబరు 7న పైన లునానా ప్రాంతంలో లుగ్గే త్సో అనే హిమానీనద సరస్సు తెగి, ఆ నీళ్లు 90 కిలోమీటర్లు కిందికి వచ్చి ఈ జోంగ్‌ని కూడా దెబ్బతీశాయని, 21 మంది చనిపోయారని చెప్పాడు. మంచు కరిగేకొద్దీ సరస్సులు నిండుతాయి, వాటిని ఆపేది రాళ్లూ మట్టీ కుప్పలే, అవి ఎప్పుడైనా జారిపోవచ్చు. అందుకే తర్వాత ఆ పక్కనే ఉన్న థోర్‌థోర్మి సరస్సు నీటిమట్టాన్ని 5 మీటర్లు తగ్గించారట. యంత్రాలు అంత పైకి పోవు, మనుషులే రోజుల తరబడి నడిచి వెళ్లి, గడ్డకట్టే నీళ్లలో దిగి, పారలతో కాలువ తవ్వారు. ఇప్పుడు లోయ పొడవునా హెచ్చరిక సైరన్లు కూడా ఉన్నాయి. నేను తెలుగులో చెబుతుంటే అత్తయ్య ఆ నీళ్లకేసి దండం పెట్టుకుంది.

ఇక ఫీజు సంగతి. బిల్లులో "ఎంట్రీ ట్యాక్స్" అని 28,800 వేశారు, మా ఆయన విసుక్కున్నారు కూడా. అది భూటాన్ ప్రభుత్వం టూరిస్టుల దగ్గర తీసుకునే సస్టైనబుల్ డెవలప్‌మెంట్ ఫీజు, మనవాళ్లకి మనిషికి రాత్రికి 1,200 రూపాయలు, మిగతా చాలా దేశాల వాళ్లకి 100 డాలర్లు. దేశంలో కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. వాళ్ల అడవులు వాళ్లు వదిలే కార్బన్ కంటే ఎక్కువే పీల్చుకుంటున్నాయి, అయినా కరిగే మంచు దెబ్బ వాళ్లకే తగులుతోంది. ఈ మాట ఆఫీసులోనే చెప్పి ఉంటే ఆ డబ్బు సంతోషంగా కట్టేవాళ్లం.

తిరిగొచ్చాక ఇదంతా వాళ్లకి మెసేజ్ చేశాను. పోయిన థింఫూ సగం రోజుకి కారు డబ్బులు తిరిగిచ్చారు, బిల్లులో ఫీజు పేరు మారుస్తామన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు అక్టోబరు, నవంబరులో వెళ్లండి, పునాఖాలో ఒక పూట ఎక్కువ ఉండేలా ముందే అడగండి.