గుండె బొమ్మ: కత్తిరిస్తే మేలా, కుట్టిస్తే మేలా, ముగ్గు వేయిస్తే మేలా?

ఫిబ్రవరి మొదటి వారం రాగానే మా స్టాఫ్‌రూములో ఒక పంచాయితీ మొదలవుతుంది. తిరుపతి బళ్ళలో ఎర్ర ఛార్టుతో గుండెలు కత్తిరించి కిటికీలకు వేలాడదీసిన ఫోటోలు ఎవరి ఫోనుకో వస్తాయి. "మన పిలకాయల చేత కూడా ఏమన్నా చేయిద్దాం సార్" అని ఒకరంటారు. "హైస్కూల్లో లవ్ సింబలా? అమ్మానాయనలు వచ్చి మన గుండెలు తీస్తారు" అని తెలుగు మేడం అంటుంది. ఇద్దరూ కలిసి నా వైపు చూస్తారు, డ్రాయింగు సారును నేనే కాబట్టి. చంద్రగిరి అవతల జిల్లా పరిషత్ హైస్కూలు మాది. గోడ అవతలే ప్రాథమిక పాఠశాల. అక్కడి 4, 5 తరగతులను కూడా శనివారం నా దగ్గరికే తోలుతారు.

ఈ గోలలో పడి ఇన్నేళ్ళలో గుండె పేరుతో అయిదారు రకాల పనులు చేయించాను. ఏది ఎవరికి మేలో ఇప్పుడు కొంచెం ధైర్యంగా చెప్పగలను. నా తక్కెడలో రాళ్ళు మూడు: 40 మంది తరగతి, 45 నిమిషాల పీరియడ్, జేబులోంచి పోయే డబ్బు. నాలుగో రాయి ఇంకొకటుంది, అన్నిటికన్నా బరువైంది. సిగ్గు.

పదేళ్ళ లోపు పిల్లకు గుండె బొమ్మ అంటే ఒట్టి ఎర్ర బొమ్మ. చేస్తుంది, ఇంటికెళ్ళి అమ్మకిస్తుంది, అయిపోయె. పన్నెండు దాటినాక అదే బొమ్మ బోర్డు మీద గీసి చూడండి. వెనక బెంచీలో కిసుక్కుమంటారు. ఒకడు ఎవరి పేరో గొణుగుతాడు. ఆ పేరున్న అమ్మాయి తల దించుకుంటుంది, ఆ పీరియడంతా ఎత్తదు. ఒకసారి ఏడో తరగతిలో ఇది నా చేతులారా జరిగింది. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: ఆరో తరగతి నుంచి గుండె ఆకారం ముందుగా చూపించను. పని చేసుకుంటూ పోతే చివర్లో అదే బయటపడాలి. పడకపోయినా నష్టం లేదు.

ఈ లెక్కన ఛార్టు కత్తిరింపులు హైస్కూలుకు పనికిరావు. 4, 5 తరగతులకు మాత్రం బాగానే ఉంటాయి. కాగితం మడిచి, మడత వైపు సగం గుండె గీసి కత్తిరిస్తే విప్పినప్పుడు మొత్తం గుండె. సౌష్ఠవం అంటే ఏమిటో అంతకన్నా సులువుగా ఎవరూ చెప్పలేరు. ప్రతిసారీ నలుగురైదుగురు మడత వైపు కాకుండా తెరిచిన అంచు వైపు గీసి కత్తిరిస్తారు, గుండె రెండు ముక్కలై చేతికొస్తుంది. వాళ్ళకు అప్పుడే అర్థమైనంత బాగా సరిగా కత్తిరించిన వాళ్ళకు అర్థం కాదు. ఇంతకుమించి ఈ పనిలో పెద్దగా ఏమీ లేదు, 20 నిమిషాల్లో ముగుస్తుంది.

అదే వయసుకు నేను దీనికన్నా రావి ఆకును ఒక మెట్టు పైన పెడతాను. వృక్షశాస్త్రంలో దాన్ని హృదయాకార పత్రం అనే అంటారు, పైన రెండు గుండ్రాలు, కింద పొడుగాటి తోక. మా వైపు రావీ వేపా జంటగా లేని ఊరు అరుదు. కానీ చెట్టు కింద నాగప్రతిష్ఠ ఉంటుంది కాబట్టి కొమ్మ మీద చెయ్యి వేయనియ్యరు, వేయనియ్యకపోవడమే న్యాయం. రాలిన ఆకులే ఏరుకు రమ్మంటాను. ఆకును బోర్లించి పైన తెల్లకాగితం పెట్టి, క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దితే ఈనెలతో సహా అచ్చు దిగుతుంది. పీరియడ్‌కి రెండు మూడు చేసుకోవచ్చు, ఖర్చు లేదు.

ఇంకొంచెం ఓపికుంటే ఆకులను బకెట్టు నీళ్ళలో మూడు వారాలు నానబెట్టండి, నడుమ నడుమ నీళ్ళు మారుస్తూ. ఆకులోని పచ్చ భాగమంతా కుళ్ళి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే ఊడిపోయి, జాలీ లాంటి ఈనెల వల మిగులుతుంది. ఆరబెట్టి దాని మీద రంగు వేస్తే చూడముచ్చట. వాసన సంగతి ముందే చెప్తున్నా. మా బకెట్టు రెండో వారానికే వంటగది నుంచి వెళ్ళగొట్టబడి సైకిల్ స్టాండు దాకా పోయింది. చాకలి సోడా వేసి ఉడికిస్తే ఒక పూటలో పనవుతుంది కానీ అది పెద్దవాళ్ళు ఇంట్లో చేసి తేవాల్సిందే, పిల్లల దగ్గర పొయ్యి పెట్టకండి.

ఇక అసలు పోటీ దారానికీ ముగ్గుకీ.

దారం పని ఇలా. పెళ్ళిపత్రికల వెనకాల అట్ట ఉంటుంది చూడండి, అది తెమ్మంటాను. వృత్తలేఖినితో వృత్తం గీసి, కోణమానినితో పది పది డిగ్రీలకు ఒక చుక్క పెడితే 36 చుక్కలు. వరసగా నంబర్లు వేయాలి. ఒకటిని రెండుతో కలపాలి, రెండును నాలుగుతో, మూడును ఆరుతో, అలా ప్రతి చుక్కనూ దాని రెట్టింపు చుక్కతో. 18ని 36తో కలిపాక పిలకాయలు ఆగిపోతారు: "19కి 38 కావాలి సార్, లేదే!" చుట్టు మళ్ళీ తిరుగు నాయనా, 37 అంటే మళ్ళీ ఒకటి, 38 అంటే రెండు. అలా 35వ చుక్క దాకా గీస్తే ఎవరూ గీయని ఒక వంపు గీత లోపల తేలుతుంది, పైన నొక్కు, కింద గుండ్రం. గీసినవన్నీ సరళరేఖలే, వచ్చింది వక్రం. ఎనిమిదో తరగతి వాడు కూడా అక్కడ ఒక్క క్షణం నోరు తెరుస్తాడు. 1741లో కాస్టిల్లాన్ అనే గణితజ్ఞుడు దీనికి కార్డియాయిడ్ అని పేరు పెట్టాడు, గ్రీకులో గుండె అనే మాట నుంచి. పిలకాయలు మాత్రం "గుండె కాదు సార్, ఆపిలు" అంటారు. వాళ్ళ మాటా నిజమే, కింద మొన ఉండదు.

ముందు స్కేలూ పెన్సిలుతో గీయించి, మరుసటి పీరియడ్‌లో దబ్బనంతో చిల్లులు పొడిచి ఊలు దారం ఎక్కించాలి. దబ్బనాలు నాలుగే ఉంచుతాను, నా బల్ల దగ్గరికొచ్చి పొడుచుకోవాలి. అక్కడే సమయమంతా పోతుంది. రెండు పీరియడ్లు అనుకున్నది మూడవుతుంది. కానీ గోడకు తగిలిస్తే ఏడాదంతా ఉంటుంది, తనిఖీకొచ్చిన వాళ్ళు దాని ముందే నిలబడతారు. ఇంకో కొసరు: స్టీలు గ్లాసు అంచు దగ్గర టార్చి వెలిగించి పట్టుకుంటే అడుగున ఇదే నొక్కు గీత వెలుగుతో పడుతుంది. చీకటి గదిలో చూపించండి.

ముగ్గు సంగతి. మా అమ్మ శుక్రవారం పూట దేవుడి ముందర హృదయకమలం వేసేది. నడుమ ఒక చుక్క, దాని చుట్టూ ఎనిమిది దిక్కులకు ఎనిమిది కొమ్మలు, కొమ్మకు అయిదు చుక్కలు. మొదటి కొమ్మ మీద ఒకటో చుక్క దగ్గర మొదలుపెట్టి, పక్క కొమ్మ మీద మూడో చుక్క, తర్వాతి దాని మీద అయిదు, ఆ తర్వాత రెండు, తర్వాత నాలుగు, మళ్ళీ ఒకటి. అలా తిరుగుతూ పోతే అయిదు చుట్లకు 40 చుక్కలూ అయిపోయి, చెయ్యి ఎత్తకుండా గీత మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది, తామర విచ్చుకుంటుంది. ఇందులో లవ్ సింబల్ ఎక్కడా లేదు. ఉన్న గుండె పేరులోనే ఉంది, అందుకే ఎవడూ కిసుక్కుమనడు.

ధనుర్మాసంలో ఏడో తరగతిని గ్రౌండులోకి తీసుకెళ్ళి సుద్దముక్కలిచ్చాను. మగపిల్లలు మొహాలు మాడ్చుకున్నారు, ముగ్గు ఆడోళ్ళ పని అని. సరే, అమ్మాయిలు వేసేది చూసి నేర్చుకోండి, ఆ తర్వాత ఒక ప్రశ్న అడుగుతా అన్నాను. కొమ్మలు ఎనిమిది కాకుండా పది పెడితే ఏమవుతుంది? వేసి చూడమన్నాను. పది చుక్కలకే గీత మూసుకుపోయింది, 40 చుక్కలు దిక్కులేకుండా మిగిలాయి. అయిదు కొమ్మలు పెడితే ఇంకా అన్యాయం, అయిదు చుక్కలకే మూసుకుంది. ఆరు పెడితే 30 చుక్కలూ దొరికాయి, ఏడు పెడితే 35. అంతదాకా గట్టు మీద కూర్చున్న ఒక మగపిల్లోడు లేచి, "అయిదో ఎక్కంలో ఉండే నంబరు కొమ్మలకు పెట్టకూడదు సార్" అన్నాడు. లెక్కల సారును కేకేసి పిలిచాను. ఆయన నేల మీదే కూర్చుని క.సా.గు. (రెండు సంఖ్యల ఎక్కాల్లోనూ వచ్చే అతి చిన్న సంఖ్య) చెప్పాడు: 8కీ 5కీ క.సా.గు. 40, చుక్కలూ 40. 10కీ 5కీ క.సా.గు. 10, అందుకే పదికే మూసుకుంది. పాఠం పుస్తకంలో రెండు వారాలు కుస్తీ పట్టింది ముగ్గులో అరగంటకు దొరికిందని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

రెండింట్లో ఏది మేలంటే నేను ముగ్గుకే ఓటేస్తాను. దారం పనిలో ఎవరి అట్ట వాళ్ళది, తల వంచుకుని కుట్టుకుంటారు. ముగ్గు పదిమంది చుట్టూ చేరి వాదించుకుంటూ వేసేది, తప్పు పోతే కాలితో చెరిపేసి మళ్ళీ వేయొచ్చు. అట్ట మీద తప్పు చిల్లు పడితే పడినట్టే. కాకపోతే ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది, చూపించడానికి ఏమీ మిగలదు. బడి వార్షికోత్సవానికి ఎగ్జిబిషన్ పెట్టాలనుకుంటే దారమే నయం.

అసలు గుండె, అంటే ఛాతీలో ఉండేది, వేయించడం ఇంకో దారి. దీనికి ఫిబ్రవరి కన్నా సెప్టెంబరు 29, ప్రపంచ హృదయ దినం, మంచి రోజు. పిడికిలి బిగించి కాగితం మీద పెట్టి చుట్టూ గీయమంటే ఎవరి గుండె సైజు వాళ్ళకు ఇంచుమించుగా వచ్చేస్తుంది. పై రెండు గదులు కర్ణికలు, కింది రెండు గదులు జఠరికలు. అందరూ నాలుగు గదులూ సమానంగా గీస్తారు, ఎడమ జఠరిక గోడ మందంగా గీయించాలి, ఒళ్ళంతటికీ రక్తం తోసేది అదే. పేజీలో ఎడమ పక్కనుండేది మనిషికి కుడి పక్క అని చెప్పకపోతే మొత్తం తారుమారు. చెడు రక్తానికి పుస్తకంలో వేసే నీలం రంగు ఆ పుస్తకం వాళ్ళ సౌకర్యం కోసమే, నిజానికి అది కూడా ముదురు ఎరుపే. నిమిషానికి 72 చొప్పున రోజుకు 1,03,680 సార్లు కొట్టుకుంటుందని వాళ్ళ చేతే గుణకారం చేయించండి.

బొమ్మగా చూస్తే ఇది కష్టం, బాగా గీసేవాళ్ళు ముగ్గురే ఉంటారు, మిగతావాళ్ళవి వంకాయల్లా వస్తాయి. అయినా నేను మానలేదు, ఒక పిల్ల వల్ల. తిరుపతిలో 2021లో టీటీడీ చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. మా చుట్టుపక్కల పిల్లల్లో గుండెకు ఆపరేషన్ అయిన వాళ్ళు అక్కడక్కడా ఉంటారు. అలాంటి ఒక పిల్ల ఎనిమిదో తరగతిలో తన బొమ్మలో రెండు గదుల నడుమ గోడ గీసి, రబ్బరుతో కొంచెం చెరిపి, "నాకు ఇక్కడ ఉండె సార్ చిల్లు" అంది. బెంచీ అంతా ఆ పిల్ల చుట్టూ మూగింది. మీ తరగతిలోనూ అలాంటి వాళ్ళుంటే పాఠానికి ముందే విడిగా పిలిచి, చెప్పాలనుందో లేదో అడగండి. నేను అడగలేదు, ఆ పిల్ల ధైర్యస్తురాలు కాబట్టి సరిపోయింది.

కలంకారీ కూడా అడిగారు ఒకరు, శ్రీకాళహస్తి పక్కనే కదా అని. అక్కడి నలుపు బెల్లమూ ఇనుప తుక్కూ రోజుల తరబడి పులియబెట్టి తీసింది, గుడ్డను కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచాలి. పీరియడ్‌లో ఇమిడే పని కాదు. ఎప్పుడైనా బస్సు కట్టించి కాళహస్తి తీసుకెళ్ళి, కలం పట్టే చెయ్యిని చూపించండి. గుండె బొమ్మ కోసం దాన్ని లాక్కురాకండి.

చివరికి ఉంచింది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, మా తెలుగు మేడం పుణ్యాన దొరికింది. "మన గుండెలు తీస్తారు" అని ఆమె అన్న మాటే పట్టుకున్నాను. బోర్డు మీద అయిదు జాతీయాలు రాశాను: గుండె చెరువవడం, గుండె రాయి చేసుకోవడం, గుండె జారిపోవడం, గుండెల్లో రైళ్ళు పరిగెత్తడం, గుండెలు తీసిన బంటు. ఒకటి తీసుకుని ఉన్నది ఉన్నట్టు బొమ్మ వేయమన్నాను. గీత బాగుందా లేదా చూడనని ముందే చెప్పాను. రైళ్ళ కోసం కొట్టుకున్నారు, రేణిగుంట జంక్షన్ మొత్తం ఒకడి ఛాతీలోకి దిగింది, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడితో సహా. గుండె చెరువు తీసుకున్న పిల్లోడు నీళ్ళు గీయలేదు. అడుగు పగిలిన చెరువు గీశాడు, నడుమ ఒక బోరు పైపు. ఇదేంది నాయనా, చెరువవడం అంటే నీళ్ళు నిండడం కదా అంటే, "మా ఊరి చెరువు ఇట్లనే ఉంటుంది సార్" అన్నాడు. మామిడి తోటలుండే బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన పిల్ల జాబితాలో లేని జాతీయం అడిగింది, గుండెకాయ లాంటిది అనే మాట. తోతాపురి మామిడికాయ గీసి నాలుగు గదులు చేసింది: ఒక గదిలో నాయన, ఒక గదిలో అప్పు, ఒక గదిలో ఫీజు, నాలుగోది ఖాళీ.

దీనికి తెల్లకాగితమూ పెన్సిలూ తప్ప ఏమీ అక్కర్లేదు, ఒక్క పీరియడ్ చాలు, ఆరు నుంచి పది దాకా ఎవరికైనా సరిపోతుంది. ఏడాదికి ఒక్కటే చేయించగలం అనే టీచర్లకు నేను ఇదే చెప్తాను. రెండు చేయించగలిగితే ముగ్గు. ఆ అయిదు జాతీయాలూ బోర్డు మీద రాసేముందు మాత్రం ఒక్కొక్కదానికి అర్థం ఎవరికి తెలుసో అడగండి. మా తరగతిలో గుండెలు తీసిన బంటు అంటే హార్టు డాక్టరనుకున్న వాళ్ళు ఏడుగురు తేలారు. ఆ ఏడు బొమ్మలూ స్టాఫ్‌రూములో తెలుగు మేడం బల్ల వెనకాల అంటించి ఉన్నాయి.