అక్కి మానినా ఆరని మంట: ప్రీగాబాలిన్ రెండేళ్ళు వాడాక

అక్కి పొక్కులు మాడి రాలిపోయాయి గానీ ఎడమ డొక్క మీద మంట పోలేదు. కారం పూసినట్టు రోజంతా భగభగ, ఉండుండి ఒక పోటు. బనియను అంచు తగిలినా విలవిల్లాడిపోయేవాణ్ణి. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఎన్ని మింగినా గ్యాస్ తప్ప ఫలితం లేదు. అత్తయ్య పోరు పడలేక కుమ్మరి చేత జేగురుతో రాయించాను. తడి ఆరేదాకా హాయిగానే ఉంది.

ఆటలమ్మ వైరస్ ఏళ్ళ తరబడి నరాల మొదళ్ళలో నక్కి ఉండి అక్కిగా పైకొస్తుందనీ, దెబ్బ నరానికే తగిలింది కాబట్టి వాపు తగ్గించే బిళ్ళలతో పనికాదనీ న్యూరాలజిస్టు చెప్పారు. నరాల నొప్పికి వాడే మందు ఇచ్చారు: రాత్రిపూట 75 మి.గ్రా. ప్రీగాబాలిన్‌తో మొదలుపెట్టి, క్రియాటినిన్ పరీక్ష చూసి మెల్లగా 150 చొప్పున రెండు పూటలకి పెంచారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలట.

మొదట్లో తల తిరుగుడు మామూలుగా లేదు. గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్ళేవాణ్ణి, బండి ముట్టుకోలేదు. ముందు దారికొచ్చింది నిద్ర. తర్వాత పోట్లు పలచబడ్డాయి. మంట సగానికి పైగా తగ్గి అక్కడే ఆగింది. పూర్తిగా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బదులుగా పొట్ట పెరిగింది, సాయంత్రానికి చీలమండలు ఉబ్బి సాక్సు గీతలు పడతాయి. దీన్ని ఉన్నట్టుండి మానకూడదు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా దించాలి. మందు కొట్టే అలవాటున్నా, నిద్రమాత్రలు వేసుకుంటున్నా ముందే చెప్పండి, మత్తు ఎక్కువై ఊపిరికే ముప్పు.

నరాల నొప్పికే తోడుగా ఇచ్చిన 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ మాత్ర నాకు పడలేదు. నోరు పిడచకట్టుకుపోయేది, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాడిని కదా, మూత్రానికీ ఇబ్బందే. క్యాప్సైసిన్ క్రీమంటే మిరపకాయ ఘాటే. మంట మీద మంట! సబ్బుతో చేతులు కడిగాక కూడా కన్ను నలుపుకున్నాను, ఇక చెప్పక్కర్లేదు.

నచ్చింది 5 శాతం లిడోకైన్ ప్యాచ్, చర్మాన్ని మొద్దుబార్చే పట్టీ. మానిన చర్మం మీదే అంటించాలి, 12 గంటలు ఉంచి తీసేయాలి. అది ఉన్నంతసేపు చొక్కా తగిలినా ఉలిక్కిపడను. ధరే గుండె గుభేల్‌మనిపిస్తుంది, అందుకని పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ దాచుకుంటాను.

అక్కి రాకుండా షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది, 50 దాటినవాళ్ళకి రెండు డోసులు. ఇప్పటికే ఉన్న నొప్పికి అది మందు కాదు. మా ఆవిడ మాత్రం నా అవస్థ చూసి రెండూ వేయించేసుకుంది.