లేత గుర్రానికి దూకడం నేర్పడం: వదిలి దూకించాలా, పగ్గంతో తిప్పాలా, ఎక్కి నేర్పాలా?

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళే దారిలో, మామిడితోట పక్కనున్న ఎర్రనేల మీద, గుజరాత్‌కు చెందిన కాఠియావాడీ జాతి నాలుగేళ్ళ ఆడగుర్రానికి దూకడం నేర్పవలసి వచ్చినప్పుడు నా ముందు మూడు మార్గాలు కనిపించాయి. మొదటిది, కంచెల నడుమ దారి కట్టి గుర్రాన్ని వదిలేసి దానంతట అదే దూకేలా చేయడం. రెండవది, పొడవాటి పగ్గం పట్టుకొని చుట్టూ తిప్పుతూ ఆ చుట్టులోనే కర్ర దాటించడం. మూడవది, మొదటినుంచీ రౌతు ఎక్కి నేర్పడం. ఈ మూడూ నడుస్తున్న పద్ధతులే అయినా, ఏది ముందు రావాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఏర్పడింది.

ఏ పద్ధతి పట్టినా మొదట చూడవలసింది వయసు. గుర్రం మోకాలి దగ్గర ఎముక పెరుగుదల రెండు, రెండున్నర ఏళ్ళకు ఆగిపోతుంది గాని, వెన్నుపూసలు గట్టిపడడానికి అయిదేళ్ళు దాటవచ్చు. మూడేళ్ళకే నిండుగా కనిపించే గుర్రం వీపు ఇంకా లేతగానే ఉంటుందని దీని అర్థం. అంతర్జాతీయ పోటీలలో లేత గుర్రాల తరగతులు అయిదేళ్ళ వయసు నుంచే మొదలవుతాయి. మన పాత నిఘంటువులు గుర్రపు గమనాలను పంచధారలుగా చెబుతూ ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని లెక్కించాయి. దూకుడుతో సాగే ప్లుతం ఆ వరుసలో చివర ఉండడం నాకెప్పుడూ సబబుగానే తోస్తుంది. నడకలో, ట్రాట్‌లో (ఎదురు మూలల కాళ్ళు జంటగా వేస్తూ సాగే పరుగునడకలో) గుర్రం నిలకడగా లేకపోతే దూకడం గురించి ఆలోచించనే కూడదు.

అందుకే మా గుర్రానికి మొదటి రెండు వారాలూ నేల మీద పరిచిన కర్రలనే దాటించాము. మన ప్రాంతంలో సులభంగా దొరికే సరుగుడు వాసాలు ఇందుకు బాగా పనికివస్తాయి. వెదురు పగిలి చీలికలు లేస్తుంది కనుక నేను దానిని వాడను. ట్రాట్‌లో దాటే కర్రల మధ్య నాలుగు నుంచి నాలుగున్నర అడుగుల దూరం ఉండాలని సాధారణంగా చెబుతారు. కాఠియావాడీ పొట్టి జాతి కావడంతో మేము నాలుగడుగులకు కొంచెం లోపలే పెట్టాము. గుర్రం నీలాన్ని, పసుపును బాగా గుర్తిస్తుంది గాని ఎరుపును, ఆకుపచ్చను వేరుచేయలేదు కాబట్టి, ఎర్రమట్టి మీద కర్రలకు సున్నం పూయడం చిన్న పనే అయినా ఎంతో మేలు చేస్తుంది.

ఇక వదిలి దూకించడం. వీపు మీద బరువు ఉండదు, నోట్లో కళ్ళెం లాగుడు ఉండదు. ఎక్కడ కాలెత్తాలో గుర్రమే లెక్క వేసుకుంటుంది, తప్పితే తానే సర్దుకుంటుంది. దాని స్వభావం, భయం, ఉత్సాహం మనం పక్కన నిలబడి చూడగలం. అడ్డంకికి ఎనిమిది, తొమ్మిది అడుగుల ముందు నేల మీద ఒక కర్ర పెడితే, ట్రాట్‌లో వచ్చే గుర్రం సరైన చోట కాలెత్తుతుంది. పొట్టి గుర్రానికి ఆ దూరమూ తగ్గించాలి. అయితే దీనికి మూసిన ప్రాంగణం, కనీసం ఇద్దరు తెలిసిన మనుషులు కావాలి. మన పొలాలకు ఉండే ముళ్ళకంచెను ఒకవైపు హద్దుగా వాడుకోవడం మాత్రం ఎంత మాత్రమూ తగదు. బెదిరిన గుర్రం దాని మీద పడితే చర్మం చీలిపోతుంది. మరొక ప్రమాదం మనలోనే ఉంది. వదిలిన గుర్రం హాయిగా దూకుతుంటే కర్ర ఇంకా పైకి ఎత్తి చూడాలనిపిస్తుంది. నేనూ ఒకసారి అలాగే రెండున్నర అడుగులకు ఎత్తాను. అది కర్రను కాళ్ళతో తన్ని పడగొట్టింది, ఆ తరువాత నాలుగు రోజులు ఆ దారి వైపే రాలేదు. తప్పు పూర్తిగా నాదే.

పగ్గంతో తిప్పుతూ దూకించడానికి పెద్ద చోటు అక్కరలేదు, ఒక్క మనిషి చాలు, కనుక ఇది చాలామందికి సులువుగా తోస్తుంది. కాని చుట్టులో తిరిగే గుర్రానికి లోపలి వైపు కాళ్ళ కీళ్ళ మీద బరువు ఎక్కువ పడుతుంది, దానికి దూకి దిగే బరువు కలిస్తే లేత కాళ్ళకు మంచిది కాదు. పగ్గం అడ్డంకి చివర తగులుకుంటే ప్రమాదం. చేయి తిరిగిన శిక్షకుడు లేనిచోట దీనిని నేను సిఫారసు చేయను.

రౌతు ఎక్కి నేర్పడంలో ఉన్న బలం ఏమిటంటే, గుర్రం తిన్నగా రావడం, వేగం అదుపులో ఉంచుకోవడం, మాట వినడం అన్నీ కలిసే వస్తాయి. బలహీనత రౌతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇటలీ అశ్వికదళ అధికారి కాప్రిల్లి, దూకేటప్పుడు రౌతు ముందుకు వంగి గుర్రం మెడకు స్వేచ్ఛ ఇవ్వాలని నేర్పాడు. అంతకుముందు రౌతులు వెనక్కి వాలి కళ్ళెం బిగించేవారు. ఈ పద్ధతి ఒంటబట్టని వాడు లేత గుర్రం మీద కూర్చుంటే, ప్రతి దూకుడుకూ దాని నోటికి దెబ్బ తగులుతుంది, కొన్నాళ్ళకు అది అడ్డంకి ముందే ఆగిపోవడం నేర్చుకుంటుంది. గుర్రమూ కొత్తదై, రౌతూ కొత్తవాడైతే అంతకంటె చెడ్డ జోడు ఉండదు.

కనుక సరైన ప్రాంగణం ఉంటే, నేల కర్రల తరువాత వదిలి దూకించడమే మేలు. అది కూడా వారానికి రెండుసార్లకు మించకుండా, ఒకటిన్నర అడుగు ఎత్తు దాటకుండా, పూటకు ఎనిమిది పది దూకుళ్ళతో ఆపాలి. అయిదారు పూటల తరువాత అనుభవం ఉన్న రౌతు ఎక్కాలి. ప్రాంగణం లేనివారు ఆ దశను వదిలేసి, నేల కర్రల నుంచి నేరుగా మంచి రౌతు చేతికి అప్పగించడం, పగ్గంతో దూకించడం కంటె క్షేమం.

నేల విషయం కూడా ఇందులో భాగమే. మా ఎర్రనేల వేసవిలో బండలా గట్టిపడుతుంది, వానలకు జారుతుంది. శ్రీకాకుళం వైపు కళింగపట్నం లాంటి తీరాలు చూసి ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని అక్కడ దూకించాలనుకునేవారున్నారు. పొడి ఇసుకలో డెక్క దిగబడి స్నాయువులు సాగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తెల్లవారుజామున, దున్ని చదును చేసిన నేల మీద చేయడమే నాకు అనుకూలంగా ఉంది. ప్రస్తుతం మా గుర్రం, రౌతుతో, ఒకటిన్నర అడుగు ఎత్తులో గుణకారపు గుర్తులా పెట్టిన కర్రలను నెమ్మదిగా దాటుతోంది. రెండడుగుల కర్ర దానికి అయిదేళ్ళు నిండిన తరువాతే పెడతాను.