స్పెషల్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ: ఉద్యోగం మానేసి చేయాలా, చేస్తూ చేయాలా?

ఎంఎడ్ స్పెషల్ పూర్తిచేసిన చెల్లెళ్లూ తమ్ముళ్లూ నన్ను తరచూ అడిగే మాట ఇది: "అక్కా, బడి మానేసి ఫుల్ టైమ్ పీహెచ్‌డీలో చేరనా, ఇక్కడే ఉండి పార్ట్ టైమ్ చేయనా?"

ముందు ఒక సంగతి. బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన డీఎడ్ లేదా బీఎడ్ స్పెషల్, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కాక ఇచ్చే సీఆర్ఆర్ నంబరు ఉండాలి. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులన్నీ బడుల్లోవే. కాలేజీలో రేపటి టీచర్లను తయారుచేయాలని ఉన్నా, మన పిల్లలకు ఏ పద్ధతి పనిచేస్తుందో పరీక్షించి చూడాలని ఉన్నా పీహెచ్‌డీ గురించి ఆలోచించండి.

ఫుల్ టైమ్‌కు ప్రాణం జేఆర్ఎఫ్, అంటే నెట్ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000, దానిపైన ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ). ఆ డబ్బు ఉంటే ఇంట్లో ఎవరికీ సమాధానం చెప్పుకోకుండా లైబ్రరీలో కూర్చోవచ్చు. చిక్కల్లా వయసుతోనే. జేఆర్ఎఫ్‌కు 30 ఏళ్లు దాటకూడదు, ఆడవాళ్లకు ఇంకో ఐదేళ్ల సడలింపు ఉంది. మనలో చాలామందికి పదేళ్లు పిల్లలతో పనిచేశాకే పీహెచ్‌డీ ఆలోచన వస్తుంది, అప్పటికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఫెలోషిప్ లేని ఫుల్ టైమ్ పీహెచ్‌డీ నేనెవరికీ చెప్పను. కనీసం మూడేళ్లు జీతం లేకుండా నెట్టుకురావడం మధ్యతరగతి ఇంటికి చిన్న విషయం కాదు.

పార్ట్ టైమ్‌కు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల్లో అనుమతి ఉంది. కోర్స్ వర్క్ (మొదట్లో హాజరవ్వాల్సిన క్లాసులు), థీసిస్, వైవా అన్నీ ఫుల్ టైమ్ వాళ్లతో సమానమే. గడువు ఆరేళ్లు. పనిచేసే చోటు నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ) కావాలి, కోర్స్ వర్క్‌కు అవసరమైతే సెలవిస్తామని అందులో రాసి ఉండాలి. నేను పనిచేసిన ఒక చోట నోటిమాటగా సరేనన్నారు, తీరా క్లాసులు మొదలయ్యాక సెలవు లేదన్నారు. నాకు ఒక ఏడాది పోయింది. అందుకే కాగితం చేతికి రానిదే ఫీజు కట్టకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అయినా నా మనసు పార్ట్ టైమ్ వైపే మొగ్గుతుంది. మన రంగంలో వందలమందితో సర్వే చేయనక్కర్లేదు. ముగ్గురు నలుగురు పిల్లలతో సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ చేయొచ్చు, అంటే ఒక్కో బిడ్డలో నేర్పకముందు, నేర్పాక వచ్చిన తేడాను కొలవడం. ఆటిజం ఉన్న బాబు రోజుకు ఎన్నిసార్లు ఏడవకుండా బొమ్మ కార్డు చూపించి నీళ్లు అడుగుతున్నాడో కొన్నాళ్లు లెక్కపెట్టాలి. తర్వాత నేర్పించడం మొదలుపెట్టి, మళ్లీ లెక్కపెట్టాలి. బయటి నుంచి వచ్చిన స్కాలర్ దగ్గరికి ఆ బాబు రావడానికే వారాలు పడుతుంది. బడి అనుమతి, అమ్మానాన్నల నమ్మకం అన్నీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. టీచర్‌కు అవి ముందే ఉంటాయి.

ఆ నమ్మకంతోనే ఒక ప్రమాదమూ ఉంది. తమ బిడ్డకు చదువు చెప్పే టీచర్ అడిగితే ఏ తల్లి కాదనగలదు? అందుకే సమ్మతి పత్రం వేరే వాళ్లతో అడిగించండి. "వద్దన్నా మీ బిడ్డ చదువులో ఏ తేడా రాదు" అని తెలుగులో రాసి ఇవ్వండి. లెక్కలు కూడా మీరొక్కరే వేయకండి. మన బిడ్డ బాగుపడాలన్న ఆశ పెన్ను మీద పడుతుంది. క్లాసును వీడియో తీసి, అదే చూసి ఇంకో టీచర్ విడిగా లెక్కవేస్తే, రెండూ కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మూడో దారి ఉంది. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పడంలోనో పరిశోధనలోనో సాయపడే పని) వస్తే ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. భర్త లేదా భార్య ఉద్యోగ వీసాతో వచ్చే హెచ్4 మీద చదువుకోవచ్చు గానీ, పనిచేసే అనుమతి పత్రం (ఈఏడీ) లేకుండా అసిస్టెంట్‌షిప్ చేయకూడదు. చాలామంది విద్యార్థి వీసా ఎఫ్1కు మారేది అందుకే.

ఇక్కడైతే జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లు ఫుల్ టైమ్‌లో చేరండి, రానివాళ్లు క్లాసు వదలకండి. ఎటైనా ముందు గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. ప్రొఫెసర్ ఎనిమిదిమందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. కలవడానికి వెళ్లేటప్పుడు మీ క్లాసులోని ఒక బిడ్డ కోసం విడిగా రాసిన బోధన ప్రణాళిక (ఐఈపీ)ను పేరు తీసేసి వెంట తీసుకెళ్లండి. దాన్ని చదివి ఆయన ఏం అడుగుతారో వినండి.